టూమ్‌స్టోన్‌లో ఏది అసలు, ఏది అతుకు

అరిజోనాలో ఫీనిక్స్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకి ఒక అలవాటు ఉంది. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే మొదట గ్రాండ్ కెన్యన్, తర్వాత సెడోనా, ఇంకో లాంగ్ వీకెండ్ మిగిలితే పాతకాలం కౌబాయ్‌ల ఊరు టూమ్‌స్టోన్. దాదాపు మూడు గంటలు డ్రైవ్ చేసి వెళ్తారు, తుపాకుల షో చూస్తారు, కౌబాయ్ టోపీలు పెట్టుకుని ఫోటోలు దిగుతారు, తిరిగి వచ్చేటప్పుడు కార్లో ఎవరో ఒకరు "అంతా సినిమా సెట్టింగులే" అనేస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అది సెట్టింగు కాదు. నిజంగా వెండి దొరికిన ఊరు, రెండుసార్లు తగలబడిన ఊరు, నిజంగా మనుషులు చచ్చిపోయిన ఊరు. కాకపోతే అసలు ఊరి మీద తర్వాతి తరాల వాళ్లు తమకు కావలసిన ఊరిని అతికించుకుంటూ పోయారు, ఏ అతుకు ఎప్పటిదో ఎక్కడా రాసి ఉండదు. అదొక్కటి విడదీసుకోగలిగితే అరిజోనాలో ఇంతకంటే మంచి చరిత్ర పాఠం ఇంకో చోట దొరకదని నా నమ్మకం.

నాకు ఆ విడదీయడం నేర్పింది మా నాన్న. ఆయన ఖమ్మం జిల్లాలో సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యారు. ఊరి ముఖ్య వీధి అలెన్ స్ట్రీట్‌లో చెక్క అరుగుల మీద నడుస్తూ, పక్కన గుర్రబ్బండి పోతుంటే, షాపుల వాళ్లు పాతకాలం గౌన్లు వేసుకుని పిలుస్తుంటే, ఆయన ఆగి ఒకటే అడిగారు: "ఇందులో అప్పటిది ఏది, ఇప్పటిది ఏది?" నేను అంతకు ముందు నాలుగుసార్లు వెళ్లి ఉంటాను, సమాధానం చెప్పలేకపోయాను. ఆ తర్వాత చదివాను, మళ్లీ మళ్లీ వెళ్లి చూశాను. ఇది ఆ సమాధానం.

టూమ్‌స్టోన్‌ని ఫ్రాంటియర్ ఊరంటారు కాబట్టి ముందు ఆ ఫ్రాంటియర్ అనే మాట సంగతి. డిక్షనరీలో సరిహద్దు అని ఉంటుంది, మనం దారి తప్పేది అక్కడే. సరిహద్దు అంటే గీత, ఇటు మాది అటు మీది, మధ్యలో ఒక రాయి. అమెరికా వాళ్ల ఫ్రాంటియర్ గీత కాదు, మన పొలిమేర లాంటిది. ఊరు అయిపోయినట్టే ఉంటుంది, అడవి ఇంకా మొదలు కానట్టే ఉంటుంది, అక్కడ ఎవరి మాట చెల్లుతుందో ఎవరికీ సరిగ్గా తెలియదు. వాళ్ల జనాభా లెక్కల ఆఫీసు దీనికో కొలత కూడా పెట్టుకుంది, చదరపు మైలుకి ఇద్దరి కంటే తక్కువ మంది ఉంటే అది ఫ్రాంటియర్ అవతల అన్నమాట. 1890 లెక్కలప్పుడు అలాంటి గీత గీయడం ఇక కుదరదని ప్రకటించారు. 1893లో ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ అనే చరిత్రకారుడు దాన్ని పట్టుకుని, అమెరికా స్వభావాన్ని తయారు చేసింది ఆ పొలిమేరేనని వాదించాడు. ఆ వాదన ఎంత బలంగా నాటుకుందంటే, కౌబాయ్ అనగానే ప్రపంచమంతా ఒకే బొమ్మ ఊహించుకుంటుంది. 1971లో కృష్ణగారు ఆ టోపీ పెట్టుకుని గుర్రమెక్కాక మన ఊళ్ల థియేటర్లకి కూడా ఆ బొమ్మ వచ్చేసింది. మా నాన్నకి టూమ్‌స్టోన్ గురించి అంతకు ముందు తెలిసిందల్లా అదే.

టర్నర్ వాదనలో కనపడనిది ఒకటుంది. ఆ పొలిమేర తూర్పు నుంచి వచ్చినవాళ్లకే పొలిమేర. అక్కడి ఆదివాసులు చిరికావా అపాచీలకి అది ఇల్లు. టూమ్‌స్టోన్‌లో నిలబడి ఈశాన్యం వైపు చూస్తే డ్రాగూన్ కొండలు కనిపిస్తాయి. వాళ్ల నాయకుడు కొచీస్ 1874లో చనిపోతే ఆ కొండల్లోనే ఎక్కడో పాతిపెట్టారు, ఎక్కడో బయటివాళ్లకి చెప్పలేదు. 1872లో చిరికావాలకి ఇచ్చిన రిజర్వేషన్‌ని 1876లో రద్దు చేశారు. మరుసటి ఏడాదే, 1877లో, సైన్యం హువాచూకా కొండల దగ్గర క్యాంపు వేసింది, అదే ఏడాది ఎడ్ షీఫెలిన్ అనే గనుల అన్వేషకుడు ఆ క్యాంపు నుంచి రాళ్లు వెతుక్కుంటూ బయల్దేరాడు. ఈ మూడు సంగతులూ ఒకదాని వెంట ఒకటి జరగడం ఊరికే కాదు. అపాచీలను తోసేయకపోతే గని లేదు, గని లేకపోతే ఊరు లేదు.

"ఆ కొండల్లో నీకు దొరికే రాయి నీ సమాధి రాయే" అని సైనికులు షీఫెలిన్‌ని భయపెట్టారని చెబుతారు. వెండి ఖనిజం దొరికాక అతను తన మొదటి క్లెయిముకి ఆ పేరే పెట్టుకున్నాడు, టూమ్‌స్టోన్ అంటే సమాధి రాయి. క్లెయిము అంటే ఇంత నేలలో తవ్వుకునే హక్కు నాది అని రాళ్లు పేర్చి, కాగితం పెట్టి, రిజిస్టరు చేయించుకోవడం. తమ్ముడు అల్, ఖనిజం పరీక్ష చేసే రిచర్డ్ గిర్డ్ కలిసొచ్చారు. 1879లో ఊరికి ప్లాట్లు గీశారు. రెండు మూడేళ్లలో హోటళ్లు, బ్యాంకులు, నాటకశాలలు, ఐస్‌క్రీము దుకాణాలతో సహా వచ్చేశాయి. 1880 మే 1న జాన్ క్లమ్ ఎపిటాఫ్ అనే పేపరు పెట్టాడు. 1881 ఫిబ్రవరిలో పీమా కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) నుంచి కొంత నేల విడదీసి కొత్త కౌంటీ చేసి, దానికి టూమ్‌స్టోన్‌ని ముఖ్య పట్టణం చేశారు. ఆ కౌంటీకి పెట్టిన పేరు కొచీస్. ఎవరి నేల మీద ఊరు కట్టారో ఆయన పేరే పెట్టారు, ఆయన మనుషులతో అమెరికా యుద్ధం అప్పటికింకా ముగియలేదు.

ఇక అందరూ చూడ్డానికొచ్చే కాల్పుల కథ. లోకమంతా దాన్ని ఓకే కొరాల్ కాల్పులు అంటుంది, కానీ ముందుగా తెలుసుకోవలసిందేమిటంటే అది ఓకే కొరాల్‌లో జరగలేదు. కొరాల్ అంటే గుర్రాల దొడ్డి. 1881 అక్టోబరు 26 మధ్యాహ్నం మూడు గంటలప్పుడు కాల్పులు జరిగింది ఆ దొడ్డి వెనక గుమ్మం నుంచి కొన్ని ఇళ్ల అవతల, ఫ్రీమాంట్ స్ట్రీట్ వైపు, సి.ఎస్. ఫ్లై అనే ఫోటోగ్రాఫర్ ఇంటి పక్కనున్న ఖాళీ జాగాలో. ఆ జాగా వెడల్పు పదిహేను ఇరవై అడుగులు. మా నాన్న అక్కడికి వెళ్లగానే అలవాటుగా అడుగులేసి కొలిచారు, గోడ నుంచి గోడకి ఆరు అడుగులు వేసి ఆగిపోయారు. "ఇందులో తొమ్మిది మందా? చెయ్యి చాపితే తగులుతారు కదా" అన్నారు. అదే నిజం. ఎదురెదురుగా ఉన్నవాళ్ల మధ్య దూరం కొన్ని అడుగులే. ముప్పై సెకన్లలో ముప్పై దాకా తూటాలు పేలాయి. వీధి ఆ చివరొకడు ఈ చివరొకడు నిలబడి, ఎండలో కళ్లు చికిలించి చూసుకుంటూ చెయ్యి తుపాకీ మీద పెట్టడం, అవన్నీ సినిమావి.

చచ్చిపోయింది ముగ్గురు: టామ్ మెక్‌లారీ, అన్న ఫ్రాంక్ మెక్‌లారీ, బిల్లీ క్లాంటన్. బిల్లీకి 19 ఏళ్లు. గొడవకి మూలమైన అతని అన్న ఐక్ క్లాంటన్ దగ్గర తుపాకీ లేదు, పరిగెత్తి బతికిపోయాడు, బిల్లీ క్లైబోర్న్ కూడా పారిపోయాడు. అవతలి వైపు ముగ్గురు ఎర్ప్ సోదరులు వర్జిల్, వ్యాట్, మోర్గన్, వాళ్లతో డాక్ హాలిడే. డాక్ చదువుకున్నది పళ్ల వైద్యం. అతను అప్పుడు అద్దెకుంటున్నది ఆ ఫ్లై ఇంట్లోనే. ఈ సంగతి తెలియకపోతే క్లాంటన్‌లు, మెక్‌లారీలు ఆ ఖాళీ జాగాలో నిలబడటం ఎర్ప్‌లకి ఎందుకు బెదిరింపుగా కనిపించిందో అర్థం కాదు. ఇంకోటి, సినిమాల్లో హీరో వ్యాటే అయినా ఆ రోజు పెద్ద వ్యాట్ కాదు. ఊరి మార్షల్, అంటే ఊరి పోలీసు పెద్ద, వర్జిల్. వ్యాట్ ఆ రోజుకి సాయంగా వెళ్లినవాడు.

మరి ఎందుకు కాల్చుకున్నారు? పైకి కనిపించే కారణం వింటే ఆశ్చర్యమేస్తుంది, తుపాకుల నిషేధం. 1881 ఏప్రిల్లో ఊరి కౌన్సిల్ ఒక ఆర్డినెన్స్ చేసింది, దాని నంబరు 9. ఊళ్లోకి వచ్చినవాళ్లు ఆయుధాలు ఏ గుర్రాలసాలలోనో, సెలూన్ అనే మద్యం దుకాణంలోనో అప్పగించి తిరగాలి, నడుముకి పెట్టుకుని తిరగకూడదు. వర్జిల్ ఆ రోజు వెళ్లింది ఆ నిబంధన అమలు చేసి తుపాకులు తీసుకోవడానికి. అందరి నడుముకీ తుపాకీ ఉండే ఊరని మనకి పరిచయమైన ఊరిలో, తుపాకీ పెట్టుకోవద్దన్న రూలు దగ్గరే ఆ పేరుమోసిన గొడవ మొదలైంది.

లోపల కారణాలు వేరే ఉన్నాయి. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో కౌబాయ్ అనేది తిట్టు కింద లెక్క. మెక్సికో సరిహద్దు దక్షిణాన ముప్పై మైళ్లు, అవతలి నుంచి పశువుల్ని తోలుకొచ్చి ఇవతల అమ్మేవాళ్లని అలా పిలిచేవాళ్లు. క్లాంటన్‌లకీ మెక్‌లారీలకీ ఆ పశువుల వ్యాపారంతో సంబంధం ఉందని ఎర్ప్‌ల ఆరోపణ. ఊరి వ్యాపారులు, గనుల పెట్టుబడిదారులు ఎక్కువగా రిపబ్లికన్లు, పల్లెల్లో పశువులు మేపుకునేవాళ్లు ఎక్కువగా డెమోక్రాట్లు. కౌంటీ షెరిఫ్ జానీ బెహాన్ ఒక వర్గం, ఊరి మార్షల్ ఇంకో వర్గం. ఎపిటాఫ్ పేపరు ఎర్ప్‌లది, నగ్గెట్ పేపరు అవతలివాళ్లది. మన ఊళ్లలో రెండు వర్గాలుండి, ఒకే గొడవని రెండు పేపర్లు రెండు రకాలుగా రాస్తే చదివిన అనుభవం ఉన్నవాళ్లకి ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. నెల రోజుల పాటు జడ్జి వెల్స్ స్పైసర్ ముందు సాక్షులు వచ్చారు. క్లాంటన్‌లు, మెక్‌లారీలు చేతులెత్తారని ఒకరు, ఎత్తలేదని ఇంకొకరు. టామ్ దగ్గర తుపాకీ ఉందో లేదో ఇప్పటికీ తేలలేదు. నవంబరు 30న స్పైసర్, విచారణకి పంపడానికి తగిన సాక్ష్యం లేదని ఎర్ప్‌లని వదిలేశాడు. డిసెంబరులో వర్జిల్‌ని చీకట్లో కాల్చారు, చెయ్యి పోయింది. 1882 మార్చి 18న బిలియర్డ్స్ ఆడుతున్న మోర్గన్‌ని తలుపు అద్దంలోంచి కాల్చి చంపారు. వ్యాట్ పగ తీర్చుకోవడానికి బయల్దేరి కొందరిని చంపి, అరిజోనా వదిలి వెళ్లిపోయాడు.

ఇప్పుడు బూట్ హిల్ శ్మశానానికి వెళ్లి ఆ ముగ్గురి సమాధి ముందు నిలబడండి. పలక మీద "టూమ్‌స్టోన్ వీధుల్లో హత్య చేయబడ్డారు" అని ఉంటుంది. జడ్జి చెప్పింది ఒకటి, సమాధి చెప్పేది ఇంకోటి. అంత్యక్రియలప్పుడు కౌబాయ్‌ల మనుషులు శవపేటికల దగ్గర పెట్టిన బోర్డులోని మాటే అది. అంటే సమాధి పలక కూడా ఒక వర్గం వాంగ్మూలమే. అక్కడ చాలామంది పలక చదివి, ఫోటో తీసుకుని, అదే నిజమనుకుని వెళ్లిపోతారు.

ఆ పలకలు కూడా అప్పటివి కావు. 1884లో కొత్త శ్మశానం వచ్చాక ఈ పాతదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. చెక్క పలకలు కుళ్లిపోయాయి, కొన్ని ఎత్తుకుపోయారు, 1920ల నుంచి ఊరివాళ్లు పాత కాగితాలు చూసి, ముసలివాళ్లని అడిగి, ఏది ఎవరిదో తేల్చుకుని కొత్తవి పెట్టారు. కాబట్టి నేల అసలుది, లోపలున్న మనుషులు అసలువాళ్లు, పైన రాత తర్వాతిది. ప్రాస కలిపి రాసిన చమత్కారపు పలకలు కొన్ని ఉన్నాయి, టీషర్టుల మీద కూడా అచ్చేస్తారు, వాటిని చరిత్రగా తీసుకోవద్దని నా సలహా. దానికన్నా కొంచెం పక్కకి వెళ్తే చైనీయుల సమాధులున్నాయి, యూదుల కోసం 1984లో కట్టిన స్మారకం ఉంది. చైనా మేరీ అని పిలిచే ఒకామె 1906లో చనిపోయింది, ఆమె పూచీ ఇస్తే చాలు ఊరివాళ్లు చైనీయుల్ని పనిలోకి తీసుకునేవాళ్లట. చైనా నుంచి కూలీలు రాకుండా అమెరికా చట్టం చేసింది 1882లో, టూమ్‌స్టోన్ మంచి ఊపులో ఉన్నప్పుడే. వీసాల గురించి రోజూ మాట్లాడుకునే మనం ఆ సమాధుల దగ్గర కొంచెంసేపు ఆగాలి అనిపిస్తుంది నాకు.

ఊరు ఎందుకు పడిపోయిందో తెలిస్తే పైపూత ఎక్కడిదో తెలుస్తుంది. 1881లో గనులు 520 అడుగుల లోతుకి వెళ్లేసరికి నీళ్లు పడ్డాయి. ఎడారిలో తాగడానికి నీళ్లు లేక అవస్థ పడుతున్న ఊరికి గనిలో మాత్రం తోడలేనన్ని నీళ్లు. భారీ పంపులు పెట్టి తోడారు. 1886 మేలో గ్రాండ్ సెంట్రల్ గని పంపుహౌసు కాలిపోయింది, వెండి ధర కూడా పడిపోయింది, జనం వెళ్లిపోయారు. 1900 తర్వాత ఒక కంపెనీ మళ్లీ ప్రయత్నించి 1911కి చేతులెత్తేసింది. చివరికి మిగిలింది ఒక్క కౌంటీ ఆఫీసు. 1929లో ఓటింగ్ పెట్టి దాన్ని కూడా బిస్బీ ఊరికి ఇచ్చేశారు.

1929ని గుర్తుపెట్టుకోండి, తాళంచెవి అక్కడుంది. ఆ ఏడాది జనవరిలో వ్యాట్ ఎర్ప్ లాస్ ఏంజెలస్‌లో చనిపోయాడు. ఆ అక్టోబరులో ఊరికి యాభై ఏళ్లయిందని హెల్డొరాడో అనే ఉత్సవం మొదటిసారి చేశారు, పాత కాల్పుల్ని వేషాలు వేసి చూపించారు. 1931లో వ్యాట్‌ని దేవుణ్ణి చేస్తూ ఒక జీవితచరిత్ర వచ్చింది, తర్వాత సినిమాలు వరసపెట్టాయి, 1957 నాటి ఒక సినిమా అయితే ఓకే కొరాల్ అనే పేరుని లోకమంతా పాతుకునేలా చేసింది. గనీ పోయి, ఆఫీసూ పోయాక, ఆ ఊరివాళ్ల చేతిలో మిగిలిన సరుకు కథే. కథ అమ్ముకుని బతికారు. నేను దాన్ని తప్పు పట్టను, పొట్టకూటి కోసం చేశారు, ఆ కథ లేకపోతే ఈపాటికి అక్కడ గోడలు కూడా ఉండేవి కావు. ఇప్పుడున్న 1,300 మందికీ ఏదో ఒక రకంగా దాంతోనే గడుస్తోంది. కానీ సినిమా చూసి వచ్చినవాళ్లకి సినిమాలో ఉన్నట్టు కనిపించాలి కదా, అక్కడే ఊరు మెల్లమెల్లగా సినిమాలా మారడం మొదలైంది.

ఎంత మారిందంటే, 1961లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించిన ఊరికి 2004లో నేషనల్ పార్క్ సర్వీసు ఆ గుర్తింపు ప్రమాదంలో పడిందని చెప్పింది. వాళ్ల అభ్యంతరాలే మనకి చక్కటి గైడు. కొత్త బిల్డింగుల మీద పాత సంవత్సరాలు రాస్తున్నారన్నారు. పాతదాన్ని బాగుచేయకుండా తీసేసి, ఆధారం లేకుండా ఊహించి కొత్తది పెడుతున్నారన్నారు. గుర్రాలు కట్టేసే కర్రలు, స్పానిష్ పెంకుల వరండాలు ఆ ఊళ్లో ఎప్పుడూ లేని చోట పెట్టారన్నారు. అది చదివాక అలెన్ స్ట్రీట్‌లో నడిస్తే కళ్లు వేరేగా పనిచేస్తాయి. బిల్డింగు నుదుటి మీద సంవత్సరం కనిపిస్తే నమ్మేయకండి, పక్కకి వెళ్లి గోడ చూడండి. ముందుభాగం చెక్కతో ఎంత ముస్తాబైనా, పక్క సందులోంచి చూస్తే పచ్చి ఇటుక గోడో, సిమెంటు దిమ్మెలో తెలిసిపోతుంది. 1881 జూన్‌లోనూ, 1882 మేలోనూ వ్యాపార వీధి చాలావరకు కాలిపోయింది కాబట్టి, అలెన్ స్ట్రీట్‌లో నిజంగా పాతవైన వాటిలో కూడా చాలా మటుకు ఆ మంటల తర్వాత కట్టినవే.

మరి ఏది చూడాలి? నన్నడిగితే ముందు కోర్టుకి వెళ్లండి. 1882లో కట్టిన ఎర్ర ఇటుకల రెండంతస్తుల బిల్డింగు, 1959 నుంచి అది స్టేట్ పార్కు, లోపల మ్యూజియం ఉంది. చాలామంది దాన్ని ఆఖర్న, టైముంటే చూస్తారు, అందుకే వాళ్లకి ఊరు అర్థం కాదు. అక్కడ షెరిఫ్ గది, పై అంతస్తులో కోర్టు హాలు, గనుల సామాన్లు ఉన్నాయి. పెరట్లో ఉరికంబం ఉంది, అది అప్పటిది కాదు, మళ్లీ కట్టింది. జరిగింది మాత్రం నిజం. 1883 డిసెంబరులో బిస్బీలో ఒక దుకాణం దోచి మనుషుల్ని చంపిన ఐదుగురిని 1884 మార్చి 28న ఈ పెరట్లో ఒకేసారి ఉరితీశారు. ఎవరో ఒక వ్యాపారి గోడ అవతల చెక్క గ్యాలరీ కట్టి, ఉరి చూడ్డానికి టికెట్లు అమ్ముకోబోయాడు. నెల్లీ క్యాష్‌మన్ అనే ఐరిష్ ఆవిడ, ఊళ్లో హోటలు నడిపేది, చావబోయేవాళ్లని తమాషా చేయడం సహించలేక ముందురోజు రాత్రి మనుషుల్ని తీసుకెళ్లి ఆ గ్యాలరీని కూలగొట్టించింది. టూమ్‌స్టోన్ నుంచి ఒక్క మనిషి కథ ఇంటికి తెచ్చుకోవాలంటే నేను వ్యాట్‌ది వదిలేసి ఈమెది తెచ్చుకుంటాను.

తర్వాత ఫ్లై స్టూడియో. అసలు ఇల్లు కాలిపోయింది, ఇప్పుడున్నది మళ్లీ కట్టింది, ఓకే కొరాల్ టికెట్లోనే అదీ వస్తుంది. కానీ గోడల మీద ఫోటోలు ఆయన తీసినవే. ఇంటి పక్క జాగాలో ముప్పై సెకన్లు కాల్పులు జరిగితే ఫోటోగ్రాఫర్ ఒక్క ఫోటో తీయలేదు, అప్పటి కెమెరాతో అది అయ్యే పనీ కాదు. మిగిలింది పేటికల్లో ముగ్గురి ఫోటో. మెక్‌లారీ అన్నదమ్ములూ, బిల్లీ, కోట్లు తొడిగి పడుకోబెట్టి, పేటికలు వరసగా నిలబెట్టి తీసింది. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. బయట ఆ కాల్పులే ఆడి చూపిస్తున్నారు, స్పీకర్లో చప్పట్లు వినిపిస్తున్నాయి, లోపల ఆ కుర్రాడి ముఖం. షో చూడొద్దని చెప్పను, పిల్లలకి నచ్చుతుంది, కాని ఈ ఫోటో చూశాకే షో చూడండి.

అదే గోడ మీద ఇంకా గొప్పవి ఉన్నాయి. 1886 మార్చిలో అమెరికా సైన్యం జనరల్ క్రూక్‌తో చర్చలకి వచ్చిన అపాచీ యోధుడు జెరోనిమోనీ, అతని మనుషుల్నీ ఫ్లై మెక్సికోలోని ఒక లోయకి వెళ్లి ఫోటోలు తీశాడు. అమెరికాతో ఇంకా యుద్ధంలో ఉండగా తీసిన ఆదివాసుల ఫోటోలుగా చరిత్రలో తెలిసినవి అవే. తుపాకులు పట్టుకుని నిలబడి, తలలు వంచకుండా నేరుగా కెమెరాలోకి చూస్తుంటారు. ఆ సెప్టెంబరులో జెరోనిమో లొంగిపోయాడు, చిరికావాలందర్నీ రైలెక్కించి ఫ్లోరిడా పంపేశారు, అందులో అమెరికా సైన్యానికి దారి చూపిన అపాచీ స్కౌట్లు కూడా ఉన్నారు. 27 ఏళ్లు యుద్ధఖైదీలుగా ఉంచారు. అలెన్ స్ట్రీట్ మొత్తం తిరిగినా వాళ్ల కథ ఇంత సూటిగా చెప్పే చోటు నాకు కనిపించలేదు. అందుకే వీలుంటే వచ్చే దారిలోనో పోయే దారిలోనో డ్రాగూన్ దగ్గర ఆమెరిండ్ మ్యూజియంకి వెళ్లండి, 1937లో మొదలైంది, ఆదివాసుల చరిత్రకీ కళకీ అదో మంచి చోటు. ఇంకో రోజుంటే ఫోర్ట్ బౌవీ అనే పాత సైనిక స్థావరం, అక్కడికి మైలున్నర నడిచి వెళ్లాలి, ఆ నడకే సగం పాఠం.

బర్డ్ కేజ్ థియేటర్ 1881 డిసెంబరులో తెరిచిన నాటకశాల. ఊరు పడిపోయాక మూతపడి, 1934లో తెరిచేసరికి లోపల సామాను చాలావరకు అలాగే ఉందంటారు. దయ్యాల టూర్లు వదిలేయండి, వేదిక చూడండి, పైన వేలాడే బాల్కనీ గదులు చూడండి, గోడల్లో తూటా రంధ్రాలు చూడండి. ఎపిటాఫ్ ఆఫీసు చిన్న మ్యూజియం, పాత ప్రింటింగ్ ప్రెస్సు ఉంది, పది నిమిషాలు చాలు. షీఫెలిన్ హాలు 1881 నాటి పచ్చి ఇటుకల బిల్డింగు, బయట నుంచి సాదాగా ఉంటుంది కాబట్టి ఎవరూ ఆగరు.

కంటికి కనిపించని అసలు సరుకు ఒకటుంది, నీళ్ల పైపు. 1880ల మొదట్లో హువాచూకా కొండల్లోని ఊటల నుంచి సుమారు 26 మైళ్లు ఇనప పైపు వేసి ఊరికి నీళ్లు తెచ్చారు. ఆ వ్యవస్థనే ఊరు ఇప్పటికీ వాడుకుంటోంది. 2011లో ఆ కొండల్లో అడవి కాలి, తర్వాతి వర్షాలకి బురద, బండరాళ్లు దొర్లి పైపులు పూడిపోయాయి. అది రక్షిత అటవీ ప్రాంతం, యంత్రాలు తేవడానికి ఫారెస్ట్ సర్వీసు ఒప్పుకోలేదు, ఊరు కోర్టుకెళ్లింది, 2012లో జనం పారలు పట్టుకుని కొండెక్కి తవ్వారు. పొలిమేరలో ఎవరి మాట చెల్లుతుందన్న ఆ పాత తగవు అప్పటికీ అక్కడ నడుస్తూనే ఉంది. హోటల్లో గ్లాసెడు నీళ్లు తాగేటప్పుడు ఇది గుర్తుకొస్తే ఊరు వేరేగా కనిపిస్తుంది.

మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో వెళ్తే రోజ్ ట్రీ మ్యూజియం తప్పకుండా చూడండి. స్కాట్లండ్ నుంచి మేరీ గీ అనే గని ఉద్యోగి భార్యకి పుట్టింటివాళ్లు పంపిన గులాబీ అంటుని 1885లో ఒక బోర్డింగ్ హౌసు పెరట్లో నాటారు. ఇప్పుడది ఒకే మొదలు మీద, చెట్టంత మానుతో, 8,000 చదరపు అడుగులకి పైగా పందిరి మీద పాకింది. కింద నిలబడి తలెత్తితే పందిరి కర్రల మీద వేలకొద్దీ చిన్న తెల్ల పూలు, మధ్యలో ముక్కలు ముక్కలుగా ఆకాశం. అమ్మ మా ఇంటి వెనక బీరపాదు పందిరి కిందకి వెళ్లినట్టే వంగి నడిచింది, పందిరి అంత ఎత్తుగా ఉన్నా. నాన్న లెక్కేసి "ఏడు గుంటలుంటుంది" అన్నారు. ఆ ఊళ్లో ఎవరూ తిరగకట్టనిది, వేషం వేయించనిది, 1885 నుంచి ఆగకుండా ఉన్నది ఆ చెట్టే.

సాయంత్రం బయల్దేరే ముందు ఊరికి పడమర మూడు మైళ్ల దూరంలో షీఫెలిన్ సమాధికి వెళ్లాం. అక్కడికి పెద్దగా ఎవరూ రారు. 1897లో ఆరెగాన్‌లో చనిపోయాడు, కాని తనని గని బట్టల్లోనే, పలుగూ నీళ్ల క్యాంటీనుతో, ఇక్కడి కొండ మీద పాతిపెట్టాలని వీలునామా రాశాడు. పైన కట్టాల్సింది ఏమిటో కూడా రాశాడు, గనులు వెతికేవాళ్లు తమ క్లెయిముకి పేర్చే రాళ్ల కుప్ప లాంటిదే కట్టాలని. అలాగే కట్టారు, 25 అడుగుల ఎత్తు. నేను నాన్నకి వీలునామా సంగతి చెప్పాను. ఆయన చుట్టూ ఒకసారి తిరిగి, చెయ్యి రాయి మీద పెట్టి, "అయితే ఇది సమాధి కాదురా, హద్దురాయి" అన్నారు. తర్వాత అటూ ఇటూ చూసి, షీఫెలిన్ నేల ఏ వైపుకి ఉండేదని అడిగారు. నేను ఫోన్లో మ్యాపు తీసి వెతుకుతుండగానే ఆయన కళ్లజోడు సర్దుకుని, తూర్పు వైపు ఊరి దీపాల కేసి నడక మొదలుపెట్టారు, అడుగులు లెక్కపెట్టుకుంటూ.